తొలకరికి తుగ్గలిలో వజ్రాలు దొరుకుతాయా? మా బావమరిది బ్యాగు సర్దేశాడు

మధురవాడ_మూర్తి
కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి వైపు వాన పడగానే జనం పొలాల మీద పడి వజ్రాలు ఏరుకుంటున్నారని టీవీలో వస్తోంది కదా. ఎవరో కూలీకి రాయి దొరికిందిట, లక్షలకి అమ్ముకున్నాడుట. అది చూసిన దగ్గర్నుంచి మా బావమరిదికి నిద్ర లేదు. ఆఫీసులో సెలవు అడిగేశాడు, టెంటు కొనేశాడు. మా ఆవిడేమో వాడి పార్టీ. "వాడికి దొరికితే మీకు చూపించను కూడా చూపించడు" అని నన్నే దెప్పుతోంది.

నా అనుమానాలు రెండు. ఇది నిజంగా జరిగేదేనా, లేక ఏటా జూన్‌లో దుమ్ము దులిపి వేసే పాత వార్తా? దొరికినా, అలా అమ్ముకోవడానికి చట్టం ఒప్పుకుంటుందా? ఆ పక్కవాళ్ళెవరైనా చెప్పండి.

పచ్చిమిర్చి
టెంటెందుకండీ, గొడుగు ఇచ్చి పంపండి. వజ్రం సంగతి దేవుడెరుగు, జలుబు మాత్రం ఖాయం.

తుగ్గలి_చిన్నోడు
మాది ఆ మండలమే, ఉద్యోగానికి బెంగళూర్లో ఉండా. నిజమే, దొరుకుతాయి. మా తాత కాలం నుంచీ దొరుకుతానే ఉండాయి. మంచి వాన పడితే పైమట్టి కొట్టుకపోయి కిందున్న గులకరాళ్ళు బయటపడతాయి, మర్సునాడు ఎండలో మెరిసేటివి మెరుస్తాయి. ఆ పొద్దు జొన్నగిరి, పగిడిరాయి, పెరవలి, మద్దికెర యాడ చూసినా తల వంచుకొని నడిచే జనమే. బళ్ళారి నుంచి వస్తారు, తెలంగాణ నుంచి వస్తారు, సంసారాలతో మూటాముల్లె కట్టుకోనొచ్చి గుడికాడ పండుకుంటారు.

మా బాధ మాత్రం ఏ టీవీవోడూ చూపియ్యడు. విత్తనం ఏసినంక గూడా చేన్లోకి దిగుతారు. చెనిక్కాయ మొలక మీద వందమంది తొక్కితే ఇంకేముంటాది? మా నాయన "లోపలికి రావద్దు" అని బోర్డు పెట్టినాడు. దాని నీడన కూచోని అన్నం తిని పోయినారు.

లెక్కలమాస్టారు
దొరికినవాడి ఫొటో పేపర్లో వస్తుంది. దొరకనివాళ్ళ ఫొటోలు వెయ్యాలంటే జిల్లా ఎడిషన్ చాలదు. మూర్తి గారి బావమరిది ఆ రెండో జాబితాలో ఉంటాడని నా అంచనా.

ఇంకో మాట. ఈ అమ్మకాలన్నీ గుట్టుగా జరుగుతాయంటారు. మరి విలేకరికి ధర ఎలా తెలిసింది?

తుగ్గలి_చిన్నోడు
మాస్టారూ, మంచి ప్రశ్న అడిగినారు. ఊర్లో రెండు లక్షలంటారు. పేపర్లో పదవుతాది. టీవీలో ఇరవై. అమ్మినోడిని అడిగితే "నాకేం దొరకలేదన్నా" అంటాడు.

పచ్చిమిర్చి
కొన్నవాణ్ణి అడిగితే?

తుగ్గలి_చిన్నోడు
ఆయప్ప అసలు ఊర్లోనే ల్యాకుండె అంటాడు.

నిద్రలేని_నాని
వానకీ వజ్రానికీ ఏంటి సంబంధం? పిడుగు పడిన చోట వజ్రం పుడుతుందని మా ఇంటి పక్కాయన వాదన. ఇంకొకాయన బొగ్గు భూమిలో మగ్గీ మగ్గీ వజ్రం అవుతుందంటాడు. సైన్సువాళ్ళు ఎవరూ లేరా ఇక్కడ?

రాళ్ళపిచ్చి
భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన ప్రాణం, పిలిచారు కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తాను.

పిడుగు మాట వదిలెయ్యండి. బొగ్గు కథ కూడా తప్పే, బళ్ళో మాస్టర్లే చెప్పడం వల్ల అది చావడం లేదు. రెండూ కార్బనే, అంతవరకే చుట్టరికం. బొగ్గు చెట్ల నుంచి వచ్చింది. మన వజ్రాలు పైకొచ్చిన నాటికి భూమ్మీద చెట్టన్నదే లేదు.

వజ్రం తయారయ్యేది సుమారు 150 కిలోమీటర్ల లోతున, ఇంకా కిందన. అక్కడి ఒత్తిడి, వేడి రెండూ కుదిరితేనే కార్బన్ ఆ రూపంలో గడ్డకడుతుంది. దాన్ని పైకి మోసుకొచ్చేది కింబర్లైట్ అనే లావా. దాన్నిండా కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి. గోలీసోడా కొట్టినట్టు ఒక్క ఊపున పైకి తన్నుకొస్తుంది. ఆ వేగమే ముఖ్యం, ఎందుకంటే మెల్లగా వస్తే దారిలోనే వజ్రం గ్రాఫైటుగా మారిపోతుంది. అలా వచ్చి గడ్డకట్టిన గొట్టాల్లాంటి రాతి స్తంభాలు అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. వయసు దాదాపు 110 కోట్ల సంవత్సరాలు. అన్నిటిలోనూ వజ్రాలు ఉండవు. కొన్నిట్లో బొత్తిగా ఉండవు.

తర్వాత కోట్ల ఏళ్ళపాటు వానలు, వాగులు ఆ రాయిని అరగదీశాయి. మెత్తనిది మట్టయిపోయింది, గట్టిది కంకరలో మిగిలింది. బనగానపల్లె దగ్గర ఆ పాత కంకరే మళ్ళీ రాయిగా గట్టిపడింది, అందులోంచీ వజ్రాలు తవ్వారు. కాబట్టి వాన వజ్రాన్ని పుట్టించదు, మట్టి కడుగుతుంది, అంతే. చిన్నోడు చెప్పింది నూటికి నూరుపాళ్ళు సరి.

మూర్తి గారూ, మీ బావమరిదికి ఒక చిట్కా. మెరిసే తెల్ల రాళ్ళ వెంట పడొద్దనండి. కంకరలో ముదురెరుపు గార్నెట్లు, నల్లటి ఇల్మనైటు గింజలు కనిపిస్తే ఆ చుట్టుపక్కల కింబర్లైట్ ఉండొచ్చని ఒక గుర్తు. సర్వే వాళ్ళు వెతికేదీ అవే.

మధురవాడ_మూర్తి
ఇది వాడికి చూపించానండీ. "గార్నెట్లు కూడా అమ్ముకోవచ్చా" అని అడిగాడు.

సీమసింహం
ఇదంతా ఏందప్పా, రాయలవారి కాలంలో వజ్రాలు వీధుల్లో రాశులు పోసి అమ్మినారు. దండయాత్రలప్పుడు పొలాల్లో పూడ్చిపెట్టినారు. అవే ఇప్పుడు దొరికేది.

రాళ్ళపిచ్చి
పూడ్చిపెట్టినవైతే సానపట్టి ఉండాలి కదా సింహం గారూ. పొలాల్లో దొరికేవన్నీ పచ్చివే, ఎనిమిది ముఖాల స్ఫటికాలో వాటి ముక్కలో.

అలాగని రాయలవారికి సంబంధం లేదనను. 16వ శతాబ్దంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ ఇక్కడి వజ్రాల గనుల గురించి రాశాడు. ఒక బరువు దాటిన రాళ్ళు రాజుకే చెందాలన్నది అప్పటి షరతు.

కార్వాన్_కుర్రాడు
అందరు గోల్కొండ వజ్రం గోల్కొండ వజ్రం అంటరు గని, గోల్కొండల గని యాడుందో చూపెట్టుండ్రి భయ్యా. గది బజారు. హైదరాబాదు కార్వాన్ల సానపట్టుడు, బేరం చేసుడు, ఖిల్లా కింద అమ్ముడు. మాల్ అంత కృష్ణ ఒడ్డుకెల్లి వచ్చేది. పేరు మాది, కష్టం మీది.

పల్నాటి_పులి
ఆ కృష్ణ ఒడ్డు మాదే. కొల్లూరు, బెల్లంకొండ దగ్గర. 17వ శతాబ్దంలో టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి వచ్చి చూసి, ఆడా మగా పిల్లలూ కలిపి 60,000 మంది పని చేస్తున్నారని రాశాడు. ఇప్పుడు వెళ్ళి చూద్దామంటే ఏముంది, పులిచింతల నీళ్ళు. ఊరు ఊరంతా జలాశయం కింద ఉంది.

టావెర్నియర్ కొనుక్కెళ్ళిన నీలి వజ్రమే చెక్కీ చెక్కీ హోప్ డైమండ్ అయింది, వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది, 45.52 కేరట్లు. పారిస్ లూవ్ర్‌లో ఉన్న రీజెంట్ వజ్రం కూడా మా వైపుదే. మద్రాసు గవర్నర్ థామస్ పిట్ కొన్నాడు దాన్ని. ఆయన మనవడే తర్వాత ఇంగ్లండు ప్రధానమంత్రి. మాకు మిగిలింది చేపలు.

నిద్రలేని_నాని
కోహినూర్ మర్చిపోయావు పులీ.

పల్నాటి_పులి
మర్చిపోలేదు. అదీ కొల్లూరుదే అంటారు, మేమూ అలాగే చెప్పుకుంటాం. పుట్టుకకి కాయితం మాత్రం లేదు. తర్వాత అది చాలా చేతులు మారబట్టే ఇండియా, పాకిస్తాన్, అఫ్గానిస్తాన్, ఇరాన్ అందరూ మాదంటే మాదని వరసలో నిలబడ్డారు. 2023లో చార్లెస్ పట్టాభిషేకానికి రాణి గారు కూడా అది లేని కిరీటమే పెట్టుకుంది.

పచ్చిమిర్చి
పాపం, మన లైనులో చివర ఎవరున్నారో చూసి భయపడి ఉంటుంది.

కంసాలివీధి
ప్రొద్దుటూరు నుంచి. మాది మూడు తరాల దుకాణం, కాబట్టి పరీక్షల గురించి చెప్పకపోతే తప్పు. ఏటా ఈ కాలంలో రుమాల్లో రాళ్ళు కట్టుకోనొస్తారు.

"గాజు మీద గీస్తే గీత పడింది అన్నా" అంటారు. పలుగురాయి కూడా గాజుని గీస్తాది. గట్టిదనం చెప్పే మోస్ కొలతలో గాజు అయిదున్నర, పలుగు 7, కురువిందం 9, వజ్రం 10. గీత పడితే తెలిసేది గాజు కన్నా గట్టిదని మాత్రమే.

ఇంకొందరు సుత్తితో కొడతారు, పగలకపోతే వజ్రమని. దయచేసి ఆ పని చెయ్యొద్దండి. గట్టిదనం వేరు, దెబ్బకు ఓర్చుకోవడం వేరు. వజ్రానికి చీలే తలాలు ఉంటాయి, సరైన చోట తగిలితే రెండు ముక్కలు. నిజమైన రాయిని ఇలా పరీక్ష పెట్టి పొడి చేసుకున్నోళ్ళు ఉండారు.

పచ్చి వజ్రం తళతళలాడదు. జిడ్డు పట్టినట్టు ఉంటాది, పైన మసక పొర కూడా ఉండొచ్చు. నీళ్ళు దానికి అంటవు, కొవ్వు అంటుతాది. దక్షిణాఫ్రికాలో కింబర్లీ గనుల్లో జిడ్డు పూసిన బల్లల మీద కంకర నీళ్ళు పారించి పట్టింది ఆ గుణంతోనే. చేతిలో పెట్టుకుంటే అదే సైజు పలుగు కన్నా బరువు తెలుస్తాది, సాంద్రత 3.5 కదా, పలుగుది 2.65. వేడిని లాగేసే గుణం చూసే పెన్ను లాంటి టెస్టరు ఉంది, అయితే వజ్రంలా కనిపించే మోయిసనైటు అనే వేరే రాయి దాన్ని కూడా మోసం చేస్తాది.

నా దగ్గరకొచ్చే రుమాళ్ళలో దాదాపు అన్నీ పలుగే.

డల్లాస్_సుబ్బు
ఇక్కడ అర్కాన్సాలో మర్‌ఫ్రీస్‌బొరో అనే చిన్న ఊళ్ళో వజ్రాల పార్కు ఉంది, మాకు కారులో నాలుగు గంటల పైచిలుకు. టికెట్టు కొని లోపలికెళ్ళి తవ్వుకోవచ్చు, దొరికింది మనదే. 37 ఎకరాల దున్నిన నేల. పార్కు వాళ్ళే అప్పుడప్పుడూ దున్నుతారు, పారలు, జల్లెడలు అద్దెకిస్తారు, దొరికిన రాయి ఏమిటో ఉచితంగా చూసి కాగితం రాసిస్తారు. 1924లో అక్కడ 40.23 కేరట్ల రాయి దొరికింది, అమెరికాలో దొరికినవాటిలో అదే పెద్దది. సగటున రోజుకి ఒకటో రెండో దొరుకుతాయి, చాలామటుకు అగ్గిపుల్ల తలకాయంత.

పిల్లల్ని తీసుకెళ్ళాం. మా ఆవిడ జల్లెడ వదల్లేదు. దొరికింది జాస్పరు. అయినా బురదలో పిల్లలు అంత సంతోషంగా ఉండగా డిస్నీలో కూడా చూళ్ళేదు.

మన దగ్గర ఇలా చెయ్యడానికి ఏమైంది?

కోర్టుపక్షి
మూర్తి గారి రెండో ప్రశ్నకి జవాబు ఇంకా ఎవరూ చెప్పలేదు. వజ్రం ప్రధాన ఖనిజం. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా తవ్వకం నేరం. నేల మీద పడి ఉన్నదాన్ని ఏరుకోవడం తవ్వకమెలా అవుతుందని వాదించొచ్చు, నేనైతే వాదిస్తాను, ఫీజు ఇస్తే. పార తీశారా, వాదన బలం తగ్గుతుంది. పొలం యజమాని వద్దన్నాక దిగితే అది అక్రమ ప్రవేశం, అందులో వాదన లేదు.

సుబ్బు గారూ, అమెరికా దాకా ఎందుకు? మధ్యప్రదేశ్‌లో పన్నా ఉంది. ఏడాదికి 200 రూపాయలు కడితే ఎనిమిది మీటర్లకి ఎనిమిది మీటర్ల ముక్క పట్టా ఇస్తారు, మనిషే తవ్వుకోవాలి. రాయి దొరికితే అక్కడి వజ్రాల కార్యాలయంలో జమ చెయ్యాలి. వాళ్ళు వేలం వేసి, సుమారు 12 శాతం రాయల్టీ, పన్నులు పట్టుకుని మిగతాది దొరికినవాడికి ఇస్తారు. 2024 జులైలో ఒక కూలీకి 19.22 కేరట్లది దొరికింది. బరువు దశాంశాలతో సహా లోకానికి తెలిసింది, చూశారా? తుగ్గలి రాయి ఒక్కదానికైనా ఇలా బరువు రాసిన ముక్క ఉందా?

లెక్కలమాస్టారు
అదీ నేనడిగింది. పన్నాలో తూకం ఉంది, ఇక్కడ పుకారు ఉంది. కూలీ అమ్మేది తూకం తెలియని రాయి, కొనేవాడికి తెలుసు. అలాంటి బేరంలో ఎవరు మునుగుతారో చెప్పడానికి లెక్కల మాస్టారు అక్కర్లేదు.

సీమసింహం
ఆఫీసు పెడితే రాయి ఆఫీసుకు పోతాదా? మళ్ళా ఆ వ్యాపారి దగ్గరికే పోతాది. ఆయప్ప అప్పటికప్పుడు నోట్ల కట్ట ఇస్తాడు. సర్కారు వేలం ఎప్పుడు, డబ్బులు ఎప్పుడు? పన్నాలో అన్నీ జమ అవుతున్నాయని ఎవురన్నా ప్రమాణం చేస్తారా?

కోర్టుపక్షి
చెయ్యను. అక్కడా దొంగదారి ఉంటుంది. అయితే అడ్డదారి తొక్కనివాడికి వెళ్ళడానికి ఒక తలుపు ఉంది. ఇక్కడ అదీ లేదు, అందుకే ధర చెప్పేది ఎప్పుడూ కొనేవాడే.

తుగ్గలి_చిన్నోడు
పన్నా బాగుంది గానీ పట్టా ఎవురి పొలంలో ఇస్తారు సార్? మా చేన్లో గుంత తవ్వుకోమని విశాఖపట్నమాయనకు ఇస్తారా?

కోర్టుపక్షి
అక్కడ ప్రభుత్వ భూమిలో ఇస్తారు. సొంత భూమైతే రైతు ఒప్పుకోవాలి, ఆయనకి వాటా మాట్లాడుకుంటారు. మీ నాన్నగారు బోర్డు మార్చి "టికెట్టు వంద" అని రాసే రోజు రావచ్చు.

తుగ్గలి_చిన్నోడు
చెనిక్కాయ కన్నా అదే మేలేమో. పోయినసారి పత్తికొండలో టమాటా గంప రేటు చూసినావంటే ఏడుపొస్తాది. టమాటా కిలో నూరు దాటిన ఏడు మాత్రం మాకు వజ్రాలు అక్కరలేకుండె.

నిద్రలేని_నాని
అసలు ల్యాబులో చేసేస్తుంటే ఇంకా ఈ రాళ్ళు వెతకడమేంటి? సూరత్‌లో యంత్రాల్లో పండిస్తున్నారు. 2023లో మోదీ గారు అమెరికా వెళ్ళి అధ్యక్షుడి భార్యకి ఇచ్చింది కూడా ల్యాబుదే, 7.5 కేరట్లు. అదే ఏడాది ఐఐటీ మద్రాసుకి ఈ పరిశోధన కోసం 242 కోట్లు ఇచ్చారు.

కంసాలివీధి
మోసం లేదు, అదీ వజ్రమే. నా టెస్టరు పెన్ను రెండిటికీ ఒకే మాట చెప్తాది, తేడా తెలియాలంటే ల్యాబుకు పంపాల్సిందే. ధర మాత్రం ల్యాబుది పాతాళానికి పోయింది, చిన్న సైజుల్లో అసలుదాన్ని కూడా కిందికి లాగింది. కొనేటప్పుడు ఏది కొంటున్నారో బిల్లులో రాయించుకోండి.

కార్వాన్_కుర్రాడు
గోల్కొండ మాల్‌కు మాత్రం డోకా లేదు. నైట్రోజన్ దాదాపు లేని క్లీన్ రాయి, టైప్ 2ఏ అంటరు. దునియాల వందల ఒకటో రెండో అసొంటివి. వేలం పాటల పేరు చదివితెనే చేతులు లేస్తయ్.

రాళ్ళపిచ్చి
పెద్ద రాయి కావాలంటే బోట్స్వానా వైపు చూడాలి ఇప్పుడు. 2024 ఆగస్టులో కరోవే గనిలో 2,492 కేరట్లది దొరికింది. అంటే అర కిలో. 1905లో దొరికిన 3,106 కేరట్ల కలినన్ తర్వాత ఇదే పెద్దది. పాత పద్ధతిలో అయితే కంకర మిల్లులో పడి ముక్కలయ్యేది. రాయి పగలగొట్టకముందే ఎక్స్‌రేతో లోపల ఏముందో చూసే యంత్రం పెట్టబట్టి దక్కింది.

పచ్చిమిర్చి
అర కిలో! మా వీధి కూరగాయలాయన అయితే "ఇంకో వంద గ్రాములు ఎక్కువుంది, ఉంచమంటారా" అని అడుగుతాడు.

శాసనాల_శారద
ఇంతమంది జొన్నగిరి పేరెత్తారు, పక్కనే ఎర్రగుడి అశోకుడి శాసనాలు ఉన్నాయని ఒక్కరూ అనలేదు. గుత్తి నుంచి పత్తికొండ వెళ్ళే దారిలోనే. వజ్రం దొరకనివాళ్ళు ఎలాగూ ఖాళీగానే ఉంటారు, వెళ్ళి చూడండి. గుట్ట మీద బండల నిండా బ్రాహ్మీ లిపి. అందులో ఒక శాసనం తమాషాగా ఉంటుంది: కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకి. చెక్కినవాడికి ఏ పిచ్చి పట్టిందో పండితులు ఇప్పటికీ తలలు పట్టుకుంటారు.

వీటిని 1920ల చివర మొదట గుర్తించింది చరిత్రకారుడు కాదు, రాళ్ళు వెతుక్కుంటూ వచ్చిన భూగర్భ శాస్త్రవేత్త. రాయచూరు జిల్లా మస్కీలో అశోకుడి పేరే ఉన్న శాసనం 1915లో బయటపడిందీ బంగారు గనుల ఇంజనీరుకే.

రాళ్ళపిచ్చి
మా వాళ్ళకి కాస్త మర్యాద దక్కింది ఈ చర్చలో.

మధురవాడ_మూర్తి
శారద గారూ, మా ఆవిడకి హిస్టరీ ఇష్టం. గుంతకల్‌లో రైలు దిగితే వీలవుతుందా, గుత్తిలో దిగాలా?

శాసనాల_శారద
ఎర్రగుడికైతే గుత్తి దగ్గర. గుత్తి కోట కూడా చూడొచ్చు. ఎండ తగ్గాక ఎక్కండి, నీళ్ళు తప్పకుండా పట్టుకెళ్ళండి. అశోకుడి దక్షిణ రాజధాని సువర్ణగిరి అని శాసనాల్లో వస్తుంది, రాజకుమారుడు అక్కడి నుంచే ఆజ్ఞలు పంపేవాడు. ఆ సువర్ణగిరే జొన్నగిరి అని చాలామంది అభిప్రాయం. కర్ణాటకలో కనకగిరి అనేవాళ్ళూ ఉన్నారు.

తుగ్గలి_చిన్నోడు
దీంట్లో అనుమానమేముంది మేడమ్, మాదే. మా జొన్నగిరిలో బంగారు గని ఉంది ఇప్పుడు, ప్రైవేటోళ్ళది. సువర్ణగిరి అంటే బంగారు కొండ కాదా? కనకగిరోళ్ళ కాడ ఏముంది?

బళ్ళారి_బాషా
ఇంతసేపు చదువుతా ఊరికే ఉన్నా, ఇప్పుడు తప్పలేదు. మా పక్క హట్టి బంగారు గని ఉంది అబ్బీ, రాయచూరు జిల్లాలో, మస్కీ దగ్గర్లోనే. పాతకాలపు తవ్వకాల గుంతలు గూడా ఉండాయి ఆడ. బంగారం సాక్ష్యం పనికిరాదు, ఇంకేమన్నా తీసుకరా.

తుగ్గలి_చిన్నోడు
మీరు ఏటా మా చేన్లోకి దిగేది చాలక రాజధాని గూడా కావాల్నా?